తరుగు పోను సత్యప్రియ

చిన్నబ్బాయి గారి కూతురు విమానంలో పనిచేస్తుంది. అలాంటి కూతుర్ని ఆయన రోజూ పొద్దున్నే మోపెడ్ వెనకాల ఎక్కించుకుని, ముక్కామల నుంచి అంబాజీపేట తీసుకెళ్ళి, వెంకటరమణ గారి కొబ్బరి కొట్టులో బస్తాలు తూచే కాటా మీద నిలబెడుతున్నారంటే చూసినవాళ్ళు ఏమనుకోవాలి? పైగా ఆ పిల్ల ఎర్రకోటు, స్కర్టు, మడమల ఎత్తు బూట్లు, పెదాలకి రంగు, నున్నగా వెనక్కి బిగించిన ముడితో ఉంటుంది. మొదటిరోజు ముఠా కూలీలు భుజాల మీది బస్తాలు దించడం మరిచిపోయి అలాగే నిలబడిపోయారు. ఒకాయన మాత్రం, ఏదో సినిమా తీస్తున్నారు కాబోలని, తల దువ్వుకుని వచ్చాడు.

సినిమా కాదు, కంపెనీ నిర్వాకం. హంసధ్వని ఎయిర్‌లైన్స్ అని ఒకటుంది. పేరు ఎంత మెత్తగా ఉందో లోపల పనిచేసేవాళ్ళకి రూల్సు అంత కరుకుగా ఉంటాయి. ప్రయాణికుల కంటబడేలా కూర్చోకూడదు. వాళ్ళు తినగా మిగిలిన భోజనం పొట్లాలే, అవీ బాత్‌రూము పక్కన పరదా చాటున నిలబడి నాలుగు నిమిషాల్లో తినెయ్యాలి. రోజుకి ఎన్నిసార్లు నవ్విందీ రాసుకోడానికి పన్నెండో వరసలో ఒక మనిషి మామూలు ప్రయాణికుడి వేషంలో కూర్చుంటాడు. హైదరాబాదులో ఇచ్చిన గదిలో ముగ్గురికి రెండు మంచాలు. మూడోవాళ్ళు ఎప్పుడూ ఆకాశంలోనే ఉంటారని కంపెనీ ధీమా. ఆ ధీమాకి ఎన్నడూ భంగం కలగలేదు.

అయినా సత్యప్రియకి ఆ ఉద్యోగమంటే ప్రాణం. ఆరేళ్ళయినా విమానం నేల వదిలే క్షణంలో ఆమెకి కడుపులో గిలిగింతలు పోలేదు. కిటికీలోంచి గోదావరి పాయలు కనబడిన రోజున, దిగగానే తండ్రికి ఫోను చేసి "నాన్నా, ఇవాళ మన దొడ్డి మీంచి వెళ్ళేను" అని చెప్పేది. అది విన్నాక ఆయన తోటలోకి వెళ్ళి, ఎప్పుడో వెళ్ళిపోయిన విమానం కోసం మెడ నొప్పెట్టేదాకా పైకి చూసేవారు.

అలాంటి పిల్ల పోయిన నెలలో పంతొమ్మిది రోజులు తెరిపి లేకుండా ఎగిరింది. ఇరవయ్యో రోజున, ఆ రోజుకి ఐదో విమానంలో, కాఫీ కప్పులు అందిస్తూ అందిస్తూ నడవాలో పడిపోయింది. మెలకువ వచ్చేసరికి చేతిలో మెమో ఉంది: డ్యూటీ వేళ అనుమతి లేకుండా పడుకున్నందుకు సంజాయిషీ ఇవ్వాలట. బయటి డాక్టరు చూసి ఈమెకి నిద్ర కావాలన్నాడు. కంపెనీ డాక్టరు చూసి, కాదు, బరువెక్కువై పడిపోయిందని తేల్చాడు. ఆమె ఎత్తుకి యాభై ఆరు కిలోలుండాలి, యాభై ఎనిమిది దాటింది. కాబట్టి పద్నాలుగు రోజులు నేలమీద ఉండాలి. ఆలోగా యాభై ఆరుకి దిగితే విమానం, దిగకపోతే ఇంటికే.

ఇంటి దగ్గర ఊరికే ఉండడానికీ లేదు. రోజూ పొద్దున్న ఏడింటిలోగా పూర్తి యూనిఫాంలో, ప్రభుత్వ ముద్ర ఉన్న కాటా మీద నిలబడి, ముద్ర వేసిన చీటీని ఫోటో తీసి పంపాలి. బూట్ల బరువు కూడా మనిషి ఖాతాలోకే వస్తుంది. అమలాపురంలో డాక్టరు దగ్గరున్న మిషనుకి ముద్ర లేదు. రేషన్ డిపోలో ఉన్నదానికి ముద్ర ఉంది గాని, ఏడింటికి డీలరు ఇంకా దుప్పటిలోనే ఉంటాడు. ఆ వేళకి తలుపులు తీసుండి, తూనికల శాఖవారి ముద్రతో మెరిసిపోయే కాటా కొబ్బరి కొట్టులోనే ఉంది.

ఆ కాటా దగ్గర గంగబాబు ఉంటాడు. నలభై ఏళ్ళుగా ఉన్నాడు. ఇనుప గుండ్ల తక్కెడ పోయి అంకెలు వెలిగే కాటా వచ్చింది గాని తరుగు మాత్రం పోలేదు. రైతు కొబ్బరి బస్తా పెట్టగానే గోనె బరువనీ, తేమనీ, పెంకు ముక్కలనీ రెండు కిలోలు తీసేసి, మిగిలింది నికరమని రాస్తారు. ఆ రెండు కిలోలు ఎవరు పెట్టారో ఎవరికీ తెలీదు. చిన్నబ్బాయి గారి తండ్రి దాన్ని తిట్టుకుంటూనే పోయారు, చిన్నబ్బాయి గారు తిట్టుకుంటూనే అరవై దాటారు. ఆ తిట్లన్నీ ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కున్నాకే. కాటా దగ్గర ఎవరూ నోరు మెదపరు.

మొదటిరోజు కాటా మీద 58.2 అని వెలిగింది. గంగబాబు చీటీ రాశాడు. మొత్తం 58.2, తరుగు 2, నికరం 56.2. ముద్ర కొట్టి చేతికిచ్చాడు.

"ఇదేంటి బాబాయి గారూ, రెండు కిలోలు తీసేసేరు?" అంది సత్యప్రియ.

"తరుగమ్మా."

"నేను బస్తాని కాదు కదండీ."

గంగబాబు కాస్త ఆలోచించాడు. "ఆయ్, కాదనుకోండి. కాని చెయ్యి అలవాటు పడిపోయిందండి. తరుగు తియ్యకుండా నికరం రాయమంటే కలం కదలదండి."

గంట ఏడు కొట్టడానికి మూడు నిమిషాలే ఉంది. ఇంకో చీటీ రాయించే వ్యవధి లేక ఆమె అదే పంపేసింది. ఆఫీసులో చూసేవాడెవడో ఆఖరి వరస మాత్రమే చూశాడు. "అభినందనలు! ఒక్కరోజులో రెండు కిలోలు! ఇంకా రెండువందల గ్రాములే!" అని జవాబొచ్చింది.

చిన్నబ్బాయి గారికి పట్టరాని సంతోషం వేసింది. పుట్టి బుద్ధెరిగాక తరుగు తన వైపు మాట్లాడడం ఇదే మొదలు. మర్నాడు కాటా దగ్గర ఆయనే ముందుపడ్డారు.

"గంగబాబు గారూ, అమ్మాయి తలంటు పోసుకుని వచ్చిందండి. ఆ ముడి విప్పి పిండితే పావుకేజీ నీళ్ళు దిగుతాయండి. తేమ తరుగు కూడా చూడండి."

"మా బస్తాలకి తేమ ఎక్కడిదండీ అని పోయిన నెల్లో నా మీద మండిపడ్డ మనిషి మీరేనాండీ?"

"అది బస్తా అండి, ఇది బిడ్డండి."

గంగబాబు నవ్వి, అమ్మాయిని అడిగి బూట్లు విప్పించి కిందకి వంగాడు. కొబ్బరి చిప్పని నొక్కి తేమ చూసినట్టే చీలమండ పైన బొటనవేలితో నొక్కి తీశాడు. గుంట పడింది. పడ్డ గుంట పడ్డట్టే ఉండిపోయింది. ముఠా కూలీలు కూడా వంగి చూశారు.

"నీరుందండి," అన్నాడు గంగబాబు. ఇప్పుడు ఆ గొంతులో నవ్వు లేదు. "బాగా ఉందండి. ఎన్నాళ్ళు నిలబెట్టేసేరండీ ఈ పిల్లని?"

గంగబాబు తేమ కింద అరకిలో తీసి, నికరం 55.7 అని రాశాడు. చిన్నబ్బాయి గారు ఆ అరకిలోకి ముందు ఎగిరి గంతేసినంత పని చేశారు. తర్వాత కూతురి కాలి మీద ఇంకా పూడని ఆ గుంట చూసి, గంతేసినందుకు సిగ్గుపడ్డారు. ఇంటికొచ్చేదాకా మోపెడ్ మీద ఒక్క మాట మాట్లాడలేదు.

కంపెనీ మాత్రం తెగ మాట్లాడింది. రెండు రోజుల్లో రెండున్నర కిలోలు తగ్గిన మనిషిని వాళ్ళు ఎప్పుడూ చూళ్ళేదు. ఏం తింటున్నావని ఫోను చేసి అడిగితే, అబద్ధం చెప్పడం రాని సత్యప్రియ, పెసరట్లు, కొబ్బరి పచ్చడి, మీగడ పెరుగు, వద్దంటున్నా మూడోసారి అమ్మ వేసే అన్నం అని ఉన్నదంతా చెప్పింది. అంత తిని తగ్గిందంటే ఇది కోనసీమ గాలి మహిమేనని ఆఫీసువాళ్ళు మీటింగు పెట్టి మరీ నిర్ణయించారు. యాభై ఆరు లోపుకి దిగినా ఆమెని ఆ పద్నాలుగు రోజులూ పూర్తిచెయ్యమని చెప్పి, ఆరోరోజుకల్లా బరువెక్కువైందని నేలకి దింపేసిన ఇంకో ఎనిమిది మందిని బస్సెక్కించి అంబాజీపేట పంపేశారు. ఆరుగురు ఆడపిల్లలు, ఒక కుర్రాడు, ఒక కెప్టెన్ గారు. వాళ్ళకి బస కొబ్బరి కొట్టు వెనకాల గొడౌనులో. దాని తలుపుకి 'హంసధ్వని ఆరోగ్య కేంద్రం' అని ఒక కాగితం అంటించారు.

ఆ రోజునుంచీ పొద్దున్నే కొట్టు ముందు లైను. ఒక బస్తా, ఒక ఎర్రకోటు, ఒక బస్తా, ఒక ఎర్రకోటు. రైతులు తొందరలో ఉంటే కోట్లవాళ్ళు పక్కకి జరిగి చిరునవ్వుతో నమస్కారం పెట్టేవారు, అలవాటు కొద్దీ. అందరికీ రెండేసి కిలోలు తరుగు. కెప్టెన్ గారు భారీ మనిషి కాబట్టి గంగబాబు ఆయన్ని రెండు బస్తాల కింద కట్టి నాలుగు కిలోలు తీశాడు. కెప్టెన్ గారు కళ్ళనీళ్ళు పెట్టుకుని గంగబాబు చేతులు పట్టుకున్నారు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఆయనకి ఎవరూ ఏదీ తగ్గించలేదట.

పన్నెండో రోజున మేనేజరు దిగాడు. హైదరాబాదు నుంచి, సూటుతో, చెవిలో ఫోనుతో. రాగానే చీటీలు తెప్పించుకుని మూడు వరసలూ చదివాడు. మొత్తం, తరుగు, నికరం. ఇంకేముంది, మోసమని రాసి పిల్ల ఉద్యోగం పీకేస్తాడు అనుకున్నారు చిన్నబ్బాయి గారు.

"ఈ తరుగు అంటే ఏమిటి?" అని అడిగాడు మేనేజరు.

గంగబాబు చెప్పాడు. మేనేజరు మొహం కోపంగా మారాల్సింది, మెల్లగా వెలిగింది. కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.

"రైతులు ఒప్పుకుంటారా?"

"ఒప్పుకోరండి. ఇచ్చేస్తారండి."

"గొడవ చెయ్యరా?"

"గొణుక్కుంటారండి. గొణుక్కుని వెళ్ళిపోతారండి."

"ఎన్నాళ్ళుగా?"

"మా తాతల నాటినుంచండి."

మేనేజరు అదంతా ఫోనులో రాసుకున్నాడు. బరువుల సంగతి ఒక్క మాట అడగలేదు. వెళ్ళిపోతూ గంగబాబుకి షేక్‌హ్యాండ్ ఇచ్చి, మీలాంటి మేధావులు మా ఆఫీసులో ఉండాలండీ అన్నాడు. గంగబాబు ఆ రోజంతా ఆ చేత్తో కలం పట్టుకోలేదు.

మర్నాడు పొద్దున్న మేనేజరు తొమ్మిది కాగితాలతో వచ్చాడు. మధ్యాహ్నం పన్నెండింటికి రాజమండ్రి నుంచి విమానం లేవాలి, ఎక్కాల్సిన సిబ్బంది అందరూ జబ్బుపడి పడకేశారు, మీరందరూ నికరం మీద పాసయ్యారు, బయల్దేరండి, ముందు సంతకాలు పెట్టండి అన్నాడు. సత్యప్రియ కాగితం తీసుకుంది. చిన్నబ్బాయి గారు కళ్ళజోడు సర్దుకుని భుజం మీంచి చదివారు.

'డ్యూటీ గంటలు: మొత్తం 14. తరుగు: తలుపు దగ్గర నమస్కారాలు 1, నిచ్చెన కోసం నిరీక్షణ 1, ప్రయాణికుల చేత తిట్లు తినుట 1, చిరునవ్వు 2. నికరం: 9.'

"తొమ్మిది గంటలే పని కాబట్టి," అని విప్పి చెప్పాడు మేనేజరు, "రాత్రికి ఇంకో రెండు విమానాలు ఎక్కొచ్చు. చట్టానికి మనతో ఏ ఇబ్బందీ ఉండదు."

చిన్నబ్బాయి గారు కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నారు. ఈ పన్నెండు రోజులూ తరుగు మా చుట్టమైంది అని ఇంటింటికీ చెప్పుకున్న మనిషి. అది ఎవరి చుట్టమో ఇప్పుడు తెలిసింది. పంతొమ్మిది రోజులకే నడవాలో పడిపోయిన పిల్ల, ఈ లెక్కన మళ్ళీ పడిపోయినా అందులోనూ ఏదో ఒకటి తరుగు తీస్తారు. ఆయనకి వద్దని చెప్పాలని ఉంది. నలభై ఏళ్ళుగా ఆ కాటా దగ్గర మూసుకోడం నేర్చిన నోరు, పెగల్లేదు.

సత్యప్రియ కాగితం మడిచి కోటు జేబులో పెట్టుకుంది. వెళ్ళి కాటా మీద నిలబడింది.

"బాబాయి గారూ, ఇవాళ ఉన్నదున్నట్టు రాయండి."

"ఆయ్? మరి తరుగో?"

"వద్దండి. రాయద్దు."

గంగబాబు కలం కాగితం మీద పెట్టి ఆగిపోయాడు. రెండోసారి అడిగితే గాని చెయ్యి కదల్లేదు. 58.4 అని రాసి, కింద ఇంక రాయాల్సిందేమీ లేకపోయేసరికి తోచక రెండుసార్లు ముద్ర కొట్టాడు.

"యాభై ఎనిమిదా?" అన్నాడు మేనేజరు. "అయితే నువ్వు ఎగరడానికి పనికిరావు."

"అదేనండీ నేను చెప్పేది. మీ రూలు ప్రకారం నేను పనికిరాను. మరి పన్నెండింటి విమానం ఎలా ఎక్కనండీ?"

ఆమె దిగింది. వెనకాలే ఒక పిల్ల ఎక్కింది, "నాకూ తరుగొద్దు" అంది. తర్వాత కుర్రాడు. తర్వాత మిగిలినవాళ్ళు. ఆఖర్న కెప్టెన్ గారు ఎక్కి, తనకి కలిసొచ్చిన నాలుగు కిలోల కేసి ఒకసారి బాధగా చూసుకుని, "ఉన్నదే రాయండి" అన్నారు. అరగంటలో హంసధ్వని వారికి రాజమండ్రిలో విమానం ఉంది, దానికి టిక్కెట్లు కొనుక్కున్న జనం ఉన్నారు, నడపడానికి రూలు ఒప్పుకునే మనిషి ఒక్కడూ లేడు.

మేనేజరు సూటుతో సహా కాటా బల్ల మీదకి వంగిపోయాడు. "గంగబాబు గారూ, మనిషికి రెండు కిలోలు. ఎప్పుడూ తీసేదే కదా. పోనీ ఒకటిన్నర."

"సరుకు తాలూకువాళ్ళు ఒప్పుకోకుండా తియ్యకూడదండి," అన్నాడు గంగబాబు. ఆ నియమం అతనికే ఆ క్షణంలో తట్టింది. కొట్టులో ఉన్న రైతులంతా తలెత్తి అతని వంక చూశారు.

మేనేజరు నిటారుగా లేచి, సత్యప్రియ వైపు తిరిగి వేలు చూపించాడు. "సంతకం పెడతావా, ఉద్యోగం వదులుకుంటావా? ఇప్పుడే చెప్పు."

సత్యప్రియ కొట్టు చూరు కింద నుంచి కనబడే ఆకాశం కేసి చూసింది. ఆ పిల్లకి ఆకాశం అంటే ఎంత ఇష్టమో ఆ కొట్టులో తెలిసినవారు ఒక్కరే. ఆయన నోరు అప్పుడు పెగిలింది.

"మీకు గిట్టకపోతే మానెయ్యండి," అన్నారు చిన్నబ్బాయి గారు. "మా సరుకు మేం ఇంటికి పట్టుకుపోతాం."

ముఠా కూలీలు ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. కాటా ఎక్కిన కొబ్బరిని మళ్ళీ బండిలో వేసుకుని వెనక్కి వెళ్ళిన రైతు ఆ పేటలో లేడు. కోసి, ఒలిచి, ఎండబెట్టి ఇంత దూరం తెచ్చాక ఎలా తీసికెళ్తాం అనుకుంటూ తరతరాలుగా ఇచ్చేసి వెళ్ళిపోయినవాళ్ళే అందరూ. ఆ మాట తన నోట్లోంచే వచ్చిందా అని ఆయనే ఒకసారి వెనక్కి తిరిగి చూసుకున్నారు.

"నేను సరుకునా నాన్నా?" అంది సత్యప్రియ.

"అలవాటు కొద్దీ వచ్చేసిందమ్మా. ఎక్కు, పోదాం."

ఆమె మోపెడ్ ఎక్కింది. మిగతా ఎనిమిది మందీ రెండు ఆటోల్లో వెనకాలే ముక్కామల వచ్చేశారు. ఆమె తల్లి కామేశ్వరి గారు తొమ్మిది మందినీ చూసి కంగారు పడలేదు, ఇంకో ఎనిమిది సోలలు బియ్యం ఎసట్లో పోశారు. అన్నం ఉడికేలోగానే వాళ్ళు వరండాలో, హాల్లో, ధాన్యం గదిలో చాపలేసుకుని ఎక్కడ వాలినవాళ్ళు అక్కడే నిద్రపోయారు. కోటు కూడా విప్పకుండా సత్యప్రియ పదిన్నరకి పడుకుంది.

పదకొండింటికి గేటు ముందు కారాగింది. చిన్నబ్బాయి గారు గుమ్మానికి అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చున్నారు.

"లేపండి," అన్నాడు మేనేజరు.

"లేపనండి."

"ఒంటిగంటకైనా బయల్దేరాలి."

"లేచాక చెప్తానండి. మీరు కూర్చోండి, మజ్జిగ తాగుతారా?"

మేనేజరు కొబ్బరిచెట్ల కింద అటూ ఇటూ తిరుగుతూ ఫోనులో అరిచాడు, బతిమాలాడు, మళ్ళీ అరిచాడు. పన్నెండయింది, మూడయింది, విమానం రద్దయింది. నాలుగింటికి పైనుంచి ఎవరో దిగొచ్చినట్టున్నారు, అతను కొత్త కాగితాలు తీసి కారు బానెట్ మీద పెట్టి రాయడం మొదలెట్టాడు. సిబ్బంది బరువు ఇకమీద ఎత్తుకి నిర్ణయించినదానికన్నా నాలుగు కిలోల దాకా ఎక్కువ ఉండవచ్చును, కోనసీమ వాతావరణం దృష్ట్యా. పద్నాలుగు గంటలు పద్నాలుగుగానే పరిగణింపబడును. తర్వాత ఎక్కాల్సిన రెండు విమానాలూ కొట్టేసి పక్కన పొడి సంతకం చేశాడు. అదంతా తీసుకొచ్చి ఇవ్వబోతే, చిన్నబ్బాయి గారు చదివి, బావుందండీ, అయినా లేపనండీ అన్నారు. మేనేజరు ఇంకేమనడానికీ ఓపిక లేక వరండాలో నులకమంచం మీద కూలబడ్డాడు. అతనూ మూడు రోజులుగా నిద్రపోలేదట. కూలబడ్డవాడు కూలబడ్డట్టే గుర్రు పెట్టాడు.

తెల్లవారి ఆరింటికి సత్యప్రియ లేచింది. ముఖం కడుక్కుని, తల్లి ఇచ్చిన కాఫీ తాగుతూ కొత్త కాగితం మొదటి నుంచి చివరిదాకా రెండుసార్లు చదివింది. మంచం మీద అప్పుడే లేచి కూర్చున్న మేనేజరుని అడిగింది.

"ఇక్కడ విశ్రాంతి గంటలని ఖాళీగా వదిలేసేరేంటండీ?"

మేనేజరు వాచిన కళ్ళతో కలం కోసం తడుముకున్నాడు. "ఎన్ని రాయాలి?"

"నిన్న పదిన్నరకి పడుకుందండి, ఇప్పుడే లేచింది," అన్నారు చిన్నబ్బాయి గారు. "పందొమ్మిదిన్నర."

"మధ్యలో ఒత్తిగిల్లిన సమయం, మంచినీళ్ళకి లేచిన..."

"పందొమ్మిదిన్నరే రాయండి."

మేనేజరు రాశాడు. రాశాక, కింద వరసలో తన పేరు కూడా రాసుకున్నాడు. చేతి గడియారం చూసుకుని, వేళ్ళ మీద లెక్కపెట్టుకుని, ఎదురుగా పద్నాలుగు అని వేసుకున్నాడు.